జ్యోతి పరుగులో కన్నీళ్లు చాలు, ఇక అడుగులు లెక్కపెడదాం

2025 మే 29. దక్షిణ కొరియాలోని గుమి. వాన. స్టాండ్స్ దాదాపు ఖాళీ. ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్స్‌లో మహిళల 100 మీటర్ల హర్డిల్స్ (వరసగా పెట్టిన అడ్డంకులు దాటుతూ పరిగెత్తే పోటీ) ఫైనల్‌ని మన వైజాగ్ అమ్మాయి యర్రాజి జ్యోతి 12.96 సెకన్లలో గెలిచింది. ఛాంపియన్‌షిప్ రికార్డు అది. 2023లో బ్యాంకాక్‌లో గెలిచిన టైటిల్‌ని నిలబెట్టుకుంది కూడా. ఎవరూ లేని ఆ స్టేడియంలో జాతీయ గీతం వినిపిస్తుంటే ఆమె కళ్లు చెమర్చిన వీడియో తర్వాత కొన్ని రోజుల పాటు ఫోన్ నుంచి ఫోన్‌కి తిరిగింది.

నాకు వచ్చిన ప్రతి ఫార్వర్డ్ కిందా ఒకే రకం మాటలు. సెక్యూరిటీ గార్డు కూతురు. ఇళ్లలో, ఆసుపత్రిలో పనిచేసిన తల్లి బిడ్డ. పేదరికాన్ని దాటి పతకం తెచ్చింది. ఇందులో అబద్ధమేమీ లేదు. ఆ తల్లిదండ్రులు పడ్డ కష్టానికి ఎవరైనా చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే. కానీ పదేళ్ల కెరీర్‌ని ఈ ఒక్క వాక్యంలో కుదించి చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఈ కథ వినగా వినగా, కష్టమే ఆ పిల్లకి పరుగు నేర్పిందని మనం నమ్మేస్తాం. కష్టం ఎవరికీ హర్డిల్స్ నేర్పదు. నేర్పేదే అయితే మన దేశంలో గల్లీకో ఒలింపియన్ ఉండాలి.

అథ్లెటిక్స్‌లో కొన్ని పోటీలున్నాయి, వాటిలో ఒంట్లో ఉన్న సత్తువ చాలా దూరం లాక్కొస్తుంది. కొండదారుల్లో రోజూ బడికి నడిచిన పిల్ల మంచి దూరపు పరుగు రన్నర్ కావచ్చు. హర్డిల్స్ అలా రాదు. పుట్టుకతో హర్డిల్స్ వచ్చిన మనిషి ఈ భూమ్మీద లేడు. సంగీతం గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నట్టే దీన్నీ నేర్చుకోవాలి. నేర్పే మనిషి ఉండాలి, సరైన పరికరం ఉండాలి, సరైన కొలతలతో గీసిన నేల ఉండాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ఎంత వేగమున్న పిల్లయినా మామూలు స్ప్రింటర్‌గానే మిగిలిపోతుంది.

కొలతలు ఒకసారి చూడండి. పరుగు మొదలుపెట్టేటప్పుడు కాళ్లు ఆనించే బ్లాక్స్ నుంచి మొదటి హర్డిల్‌కి 13 మీటర్లు. హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు. మొత్తం పది హర్డిల్స్, ఒక్కో దాని మధ్య 8.5 మీటర్లు. పదోది దాటాక గీత దాకా 10.5 మీటర్లు. మొదటి హర్డిల్ వరకు సాధారణంగా ఎనిమిది అడుగులు వేస్తారు. ఆ తర్వాత తొమ్మిది ఖాళీలు, ఖాళీకి మూడడుగులు. మూడంటే మూడే. నాలుగు వేస్తే హర్డిల్ మీద లేచే కాలు ప్రతిసారీ మారిపోతుంది. ఐదు వేస్తే రేసు అయిపోయినట్టే. అంటే తొమ్మిది ఖాళీల్లో 27 అడుగులు, ఒక్కటీ తేడా రాకూడదు. అదీ 13 సెకన్ల లోపు, పక్క లేన్లో ఇంకొకరి చేయి తగిలేంత దగ్గరగా పరిగెడుతుండగా.

ఇందులో అసలు చిక్కు వేరే ఉంది. మనిషి వేగం పెరిగేకొద్దీ అడుగు సాగుతుంది. 8.5 మీటర్లు మాత్రం సాగదు. నిరుడు సరిగ్గా కుదిరిన మూడడుగులు, ఈ ఏడాది కాళ్లలో బలం పెరిగాక ఆ ఖాళీలో పట్టవు. హర్డిల్ మీదికి వచ్చి పడుతున్నట్టు ఉంటుంది. అప్పుడు అడుగు పొడవు తగ్గించి, అదే సమయంలో కాళ్లు ఇంకా త్వరగా ఆడించాలి. బలం పెంచిన ప్రతిసారీ నేర్చుకున్నదాన్ని మళ్లీ మొదటి నుంచి సరిచేసుకోవాలి. ఇది ఒంటరిగా చేసుకునే పని కాదు. పక్కన నిలబడి, వీడియో తీసి, అడుగు ఎక్కడ పడుతోందో చూసి చెప్పే కళ్లు కావాలి.

ఆమె ఆ విద్యలో ఎక్కడిదాకా వచ్చిందో చూపించడానికి ఒక మోటు లెక్క వేస్తాను. 2022 జాతీయ క్రీడల్లో గాంధీనగర్‌లో జ్యోతి 100 మీటర్ల పరుగును 11.51 సెకన్లలో గెలిచింది. అవే క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్‌ని 12.79లో గెలిచింది (గాలి సాయం పరిమితి దాటడంతో ఇది రికార్డుల్లోకి ఎక్కలేదు). రెండింటికీ తేడా 1.28 సెకన్లు. పది హర్డిల్స్‌కి పంచితే ఒక్కో హర్డిల్ దాటడానికి ఆమె చెల్లిస్తున్న వెల 0.13 సెకన్ల లోపే. నడుము దగ్గరికి వచ్చే అడ్డంకిని పూర్తి వేగంలో దాటి, ఆ వేగం పోకుండా మళ్లీ నేల మీద కాలు పెట్టడానికి ఆమెకి అదనంగా పడుతున్నది కంటిరెప్ప వాల్చినంత సమయం. ఆ వేగం వంశంలోంచి వచ్చిందేమో నాకు తెలియదు. ఆ 0.13 మాత్రం ప్రాక్టీసు లోంచే వచ్చింది.

ప్రాక్టీసు వెనక మనుషులున్నారు. వైజాగ్‌లోని పోర్ట్ హైస్కూల్లో ఆమె పొడవు చూసి హర్డిల్స్ వైపు తిప్పిన పీఈటీ ఉన్నారు. 2016లో హైదరాబాద్‌లోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు పొందిన కోచ్ నాగపురి రమేశ్ చేతిలో పడింది. ఈయన పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. స్ప్రింటర్ ద్యుతీ చంద్‌కి కోచ్ ఆయనే. పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చిన కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తికీ ఆయనే. ఒకే మనిషి నీడన ఇంతమంది ఎదిగారంటే అదేదో యాదృచ్ఛికమని ఎలా అనుకుంటాం? ఆ తర్వాత గుంటూరు, అక్కడినుంచి 2019లో భువనేశ్వర్‌లోని రిలయన్స్ ఫౌండేషన్ హై పెర్ఫార్మెన్స్ సెంటర్. అక్కడ ఇంగ్లండ్ కోచ్ జేమ్స్ హిల్లియర్. మన వైజాగ్ పిల్ల ప్రపంచ స్థాయి హర్డిల్స్ నేర్చుకోవడానికి ఒడిశా వెళ్లాల్సి వచ్చింది. ఆమె బద్దలు కొట్టాల్సిన జాతీయ రికార్డు కూడా ఒడిశా అమ్మాయిదే. అనురాధా బిశ్వాల్, 2002లో 13.38.

ఆ రికార్డు ఎలా బద్దలైందన్నదే ఈ కెరీర్‌లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే అధ్యాయం. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరెలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03లో పరిగెత్తింది. పద్దెనిమిదేళ్ల నాటి రికార్డు కన్నా ఏకంగా 0.35 సెకన్లు మెరుగు. స్ప్రింట్ హర్డిల్స్‌లో అది మామూలు తేడా కాదు. కానీ ఆ టైమింగ్‌ని గుర్తించలేదు. కారణం? పోటీల్లో ఆమెకి డోప్ పరీక్ష జరగలేదు. అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. అమ్మాయి తన పని తాను చేసింది. శాంపిల్ తీసుకోవాల్సిన వాళ్లు లేరు, చూసి సంతకం పెట్టాల్సిన వాళ్లు లేరు.

2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో ఫెడరేషన్ కప్. ఈసారి 13.09. మళ్లీ రికార్డు కన్నా మెరుగే, మళ్లీ చెల్లలేదు. వెనక నుంచి వీచిన గాలి వేగం సెకనుకి 2.1 మీటర్లు, నిబంధన ఒప్పుకునేది 2.0. ఈ రెండు ఘటనల్నీ కలిపి ‘దురదృష్టం’ అని రాసేవాళ్లతో నేను ఏకీభవించను. గాలి దురదృష్టమే. ఆ నిబంధన న్యాయమైనది, అది ప్రపంచ ఛాంపియన్లనీ వదల్లేదు. 2022లో అమెరికాలోని యూజీన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో నైజీరియా అమ్మాయి టోబి అముసాన్ సెమీఫైనల్లో 12.12తో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే రోజు ఫైనల్లో 12.06లో పరిగెత్తినా గాలి ఎక్కువ కావడంతో దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆమె గొణగలేదు, ఎవరూ గొణగక్కర్లేదు. డోప్ పరీక్ష చేసేవాళ్లు రాకపోవడం మాత్రం గాలి కాదు. అది మనుషులు చేయని పని. ఇరవై ఏళ్ల అమ్మాయి జీవితంలోని అతి గొప్ప పరుగు మనుషుల అలసత్వం వల్ల లెక్కకి రాకుండా పోయింది. ఆ తర్వాత కోవిడ్, ఇంట్లో కూర్చోవడాలు. అసలు రికార్డు చేతికి రావడానికి రెండేళ్లకి పైగా పట్టింది.

వచ్చినప్పుడు మాత్రం వరదలా వచ్చింది. 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23. అదే నెలలో ఇంగ్లండ్‌లో 13.11. నాలుగు రోజులకే నెదర్లాండ్స్‌లో 13.04. పదహారు రోజుల్లో మూడు జాతీయ రికార్డులు. మూడూ విదేశాల్లోనే అన్నది గమనించండి. అక్టోబర్లో బెంగళూరులో 12.82, 13 సెకన్ల గీత దాటి లోపలికి వెళ్లిన మొదటి భారత మహిళ. 2023 ఆగస్టులో చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78, కాంస్యం.

చైనాలోని హాంగ్‌జౌ గురించి చెప్పకుండా ఉండలేను. 2023 అక్టోబర్ 1, ఆసియా క్రీడల ఫైనల్. తుపాకీ పేలకముందే చైనా అమ్మాయి వు యాన్ని కదిలింది. పక్క లేన్లో ఉన్న జ్యోతి ఆ కదలికకి స్పందించింది. అధికారులు ఇద్దరికీ ఎర్ర కార్డు చూపించారు. నాలుగేళ్ల కష్టం, ఆతిథ్య దేశం, నిండిన స్టేడియం, చుట్టూ తెలియని భాష. అలాంటి చోట చాలామంది తల దించుకుని బయటికి నడుస్తారు. జ్యోతి కదల్లేదు. స్క్రీన్ దగ్గరికి వెళ్లి రీప్లే చూసింది. ముందు కదిలింది నేను కాదని అధికారులతో వాదించింది. చివరికి ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారు. బ్లాక్స్‌లో మళ్లీ కూర్చోవడానికి ముందు ఆ కొన్ని నిమిషాల టెన్షన్‌లో గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహించుకోండి. అంత జరిగాక 27 అడుగులూ వేయాల్సిన చోటే వేసి, 12.91తో మూడోదిగా వచ్చింది. తర్వాత వు యాన్నిని డిస్‌క్వాలిఫై చేశారు, కాంస్యం రజతమైంది. ఆ రోజు ఆమెని కాపాడింది కన్నీళ్లు కాదు. నిబంధన తెలియడం, తెలిసినదాన్ని నిలబడి చెప్పగలగడం. ఇదీ నేర్చుకుంటే వచ్చేదే.

ఇక్కడ కొందరు అడిగే ప్రశ్న ఉంది. ఆసియాలో సరే, ప్రపంచంలో ఈ పరుగు ఎక్కడ నిలుస్తుంది అని. న్యాయమైన ప్రశ్నే. పారిస్ ఒలింపిక్స్‌లో హీట్స్‌లో, అంటే తొలి రౌండులో, 13.16తో ఏడో స్థానం. హీట్స్‌లో వెనకబడ్డవాళ్లకి రెండో అవకాశంగా పెట్టే రెపెచాజ్‌లో 13.17, అక్కడితో సరి. స్వర్ణం గెలిచిన మసాయ్ రస్సెల్ టైమింగ్ 12.33. జ్యోతి అత్యుత్తమానికీ దానికీ 0.45 సెకన్లు దూరం. అంత గొప్పగా చెప్పుకోవాల్సిందేముంది అంటారు.

నేను ఆ 0.45ని కూడా పదికి పంచి చూస్తాను. హర్డిల్‌కి 0.045. అనురాధ 13.38 నుంచి జ్యోతి 12.78 దాకా ఈ దేశం వచ్చిన దూరం 0.60. అంటే ఒక్క అమ్మాయి, ఇద్దరు ముగ్గురు కోచ్‌ల సాయంతో, ఇక్కడినుంచి ఒలింపిక్ స్వర్ణం దాకా మిగిలిన దూరం కన్నా ఎక్కువే ఇప్పటికే నడిచేసింది. చివరి దూరం మొదటి దూరం కన్నా కష్టమని నాకూ తెలుసు. అందుకే అడుగుతున్నాను, ఆ చివరి దూరానికి ఆమెకి మనం ఇచ్చిందేమిటి? ఇక్కడ ఆమెకి పోటీయే లేదు. దేశంలో ఏ మీట్‌లో పరిగెత్తినా రెండో హర్డిల్‌కే ముందు ఎవరూ ఉండరు. పక్కన తనతో సమానంగా లేచే కాలు కనిపించకపోతే మనిషి తన గడియారంతో తానే పోరాడాలి. అందుకే సైప్రస్, నెదర్లాండ్స్, ఫిన్లాండ్. 2024 మేలో ఫిన్లాండ్‌లోని యువాస్కులలో ఆమె మళ్లీ 12.78 పరిగెత్తింది. ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత 12.77. సెకనులో వందో వంతు. 1984లో లాస్ ఏంజెలెస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష కాంస్యం పోగొట్టుకున్నదీ సరిగ్గా ఈ వందో వంతుతోనే. జ్యోతి చివరికి ర్యాంకింగ్ ద్వారా పారిస్ వెళ్లి, ఒలింపిక్స్‌లో ఈ పోటీలో నిలబడ్డ మొదటి భారతీయురాలైంది. ఒలింపిక్స్‌లో ఈ పోటీ పుట్టిన దగ్గర్నుంచి ఏ భారత మహిళా నిలబడని గీత మీద నిలబడ్డ మనిషిని ‘హీట్స్‌లోనే పోయింది’ అనడానికి నాకు నోరు రాదు.

గుమి విజయం తర్వాత నెల తిరిగేసరికి, 2025 జూలైలో, ట్రైనింగ్‌లో మోకాలి లిగమెంట్ దెబ్బతింది. టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ పోయింది. హర్డిలర్‌కి మోకాలంటే వీణ వాయించే మనిషికి వేళ్లలాంటిది. హర్డిల్ దాటిన ప్రతిసారీ పూర్తి వేగంలో ఒంటికాలి మీద దిగాలి, ప్రాక్టీసులో అది రోజుకి ఎన్నిసార్లో లెక్క ఉండదు. గాయం మానడం ఒక ఎత్తు, ఆ కాలిని మళ్లీ నమ్మడం మరో ఎత్తు. ఈ కాలంలో ఆమె గురించి వచ్చిన వార్తలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పతకం మెడలో ఉన్న రోజు ట్వీట్లు పెట్టిన నాయకులు కోలుకునే రోజుల్లో కనిపించకపోవడం మనకి అలవాటైపోయింది.

ఇంతకీ జ్యోతి తర్వాత ఎవరు? నా బెంగ అంతా దీని మీదే. ఏడు అంశాలు కలిపి ఆడే హెప్టాథ్లాన్‌లో హాంగ్‌జౌ కాంస్యం, గుమి స్వర్ణం తెచ్చిన అగసర నందిని ఉంది. హెప్టాథ్లాన్‌లో మొదటి అంశం ఈ హర్డిల్సే. ఆ అమ్మాయి తెలంగాణ గురుకులాల్లో చదివిన పిల్ల. జ్యోతిని వైజాగ్ బడి పట్టుకుంది, నందినికి గురుకులం దారి చూపింది. ఇద్దరి కథా మొదలైంది బడిలోనే. హర్డిల్స్‌కి ఇంకో మొదలు లేదు. క్రికెట్ అయితే సందులో ఆడుకుని నేర్చుకోవచ్చు. సందులో పది హర్డిల్స్ ఎవరు పెడతారు?

మరి మన బడుల సంగతి? విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్లో బడికి ఉండాల్సిన వాటిలో ఆటస్థలం స్పష్టంగా రాసి ఉంది. మన నగరాల్లో అపార్ట్‌మెంట్లలో, షాపుల పైన నడిచే బడుల్ని చూస్తూ ఆ వాక్యం మళ్లీ చదవండి. నాలుగంతస్తుల్లో పిల్లలు, కింద సెల్లార్లో బైకులు. టైంటేబుల్లో డ్రిల్ పీరియడ్ ఉంటుంది, అందులో లెక్కల మాస్టారు ఉంటారు. పదో తరగతికొచ్చాక ఆ పీరియడ్ పేరు కూడా ఉండదు. ఈ బడుల్లో జ్యోతి లాంటి పొడుగుకాళ్ల పిల్లలు లేరా? ఉన్నారు. చివరి బెంచీలో కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. వాళ్ల కాళ్ల వైపు చూసే పీఈటీనే ఆ భవనంలో లేరు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. మేం చదువుకున్న బడికి మైదానం ఉండేది, నాలుగు నిజమైన హర్డిల్స్ కూడా ఉండేవి. హర్డిల్ కాళ్లు ఇంగ్లిష్ ఎల్ అక్షరంలా ఉంటాయి. ఆ కాళ్లు పరిగెత్తుకొచ్చేవాళ్ల వైపు ఉండేలా పెట్టాలి. అప్పుడు మోకాలు తగిలితే హర్డిల్ ముందుకి సులువుగా పడిపోతుంది, మనిషి పడడు. తిరగేసి పెడితే అది పడదు, గోడలా నిలబడుతుంది. ఒక ఏడాది వార్షిక క్రీడల రోజు మా వాళ్లు తిరగేసి పెట్టారు. పీఈటీ సెలవులో ఉన్నారు, మిగతా ఎవరికీ తెలియదు. మా తరగతిలో అందరికన్నా బాగా పరిగెత్తే అమ్మాయి మొదటి హర్డిల్ చక్కగా దాటింది. రెండో దానికి కాలు తగిలింది. అది కదల్లేదు. ముఖం నేలకి కొట్టుకుని పై పెదవి చీలింది. తెల్ల యూనిఫాం ముందు భాగమంతా రక్తం. ఆ పిల్ల ఏడవలేదు, లేచి నిలబడి హర్డిల్ వైపే చూస్తూ ఉండిపోయింది, తానేం తప్పు చేసిందో అర్థం కానట్టు.

తర్వాత ఆ అమ్మాయి పరుగుపందేల్లో పాల్గొంది గానీ హర్డిల్స్ దగ్గరికి మళ్లీ రాలేదు. వచ్చినా భయంతో ఎత్తుకి ఎగిరేదేమో. ఎత్తుకి ఎగిరితే గాల్లో ఎక్కువసేపు ఉంటారు, అక్కడే సమయం పోతుంది. ఎగరడం కాదు, పరుగులోనే దాని మీదుగా వెళ్లిపోవాలి. ఆ మాట చెప్పాల్సిన మనిషి ఆ రోజు సెలవులో ఉన్నారు.

జ్యోతికి అభినందన సభలు, ఇళ్ల స్థలాలు, చెక్కులు ఇవ్వండి, ఎన్ని ఇచ్చినా తక్కువే. దానితో పాటు ఇంకో పని చేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి జిల్లాకి కనీసం ఒక సింథటిక్ ట్రాక్ మీద ఎనిమిది లేన్ల హర్డిల్స్ పూర్తి సెట్టు, అంటే 80 హర్డిల్స్, ఉంచండి. వాటిని ఎటువైపు పెట్టాలో తెలిసిన కోచ్‌ని జీతమిచ్చి పెట్టండి, కాంట్రాక్టు మీద ఆరు నెలలకి కాదు. రాష్ట్ర స్థాయి ప్రతి మీట్‌లో ఎలక్ట్రానిక్ టైమింగ్, గాలి కొలిచే పరికరం, డోప్ శాంపిల్ తీసుకునే మనిషి ఉండాల్సిందే. ఇవి లేకుండా మీట్ పెట్టి సర్టిఫికెట్లు పంచడం ఆపండి. మూడబిదిరెలో పోయిన 13.03 ఇంకో అమ్మాయికి పోకూడదు.

మా బడి విషయానికొస్తే, ఆ రోజు సాయంత్రమే హర్డిల్స్‌ని స్టోర్ రూంలో పెట్టి తాళం వేశారు. మరుసటి ఏడాది క్రీడల జాబితా నోటీసు బోర్డు మీద అంటించినప్పుడు మేం అందరం వెళ్లి చూశాం. హర్డిల్స్ ఉండాల్సిన చోట నిమ్మకాయ చెంచా పందెం ఉంది.